చెంబు దగ్గరికి వెళ్లి చూడండి

ఈ నెల ఉత్తరాల్లోంచి నాలుగు తీసుకున్నాను. రాసినవాళ్ల వయసులు వేరు, ఊళ్లు వేరు. నాలుగింటిలోనూ బాధ మాత్రం ఒకటే: గీసిన బొమ్మ చూసి ఎవరో ఒక మాట అన్నారు, ఆ మాటతో ఏం చేయాలో తెలియడం లేదు. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 31 ఏళ్లు డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. ఆ 31 ఏళ్లలో పిల్లల బొమ్మల మీద నేను అన్న మాటలకు లెక్కలేదు. అనకుండా ఉండాల్సినవీ వాటిలో ఉన్నాయి. అందుకే ఈసారి జవాబులు కాస్త నిదానంగా రాశాను.

ప్రశ్న: టీచర్ గారూ, నాకు 44 ఏళ్లు. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక మధ్యాహ్నం పూట ఓ గంట పెన్సిల్ పట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. మూడు నెలలుగా ఇంట్లో ఉన్న ఇత్తడి చెంబు, స్టీలు గ్లాసు, అరటిపళ్లు గీస్తున్నాను. మొన్న మా ఆడపడుచు కూతురు వచ్చింది. బి.ఎఫ్.ఎ. (చిత్రకళ డిగ్రీ) రెండో సంవత్సరం చదువుతోంది. చెంబు బొమ్మ చూసి "అత్తా, మూతి ఎలిప్స్ తప్పు, అడుగు బల్లపరుపుగా ఉంది, చెంబు గాల్లో తేలుతోంది" అంది. రబ్బరుతో చెరిపి మళ్లీ గీశాను. మళ్లీ చెరిపాను. చివరికి కాగితం చిరిగింది. పన్నెండు రోజులుగా పుస్తకం తెరవలేదు. ఈ వయసులో నాకెందుకిదంతా అనిపిస్తోంది.
(పాఠకురాలు, తణుకు)

జవాబు: అమ్మా, మీ మేనకోడలు చెప్పిన మూడు మాటలూ పనికొచ్చేవే. "బాగుంది అత్తా" అని కాఫీ తాగి వెళ్లిపోయి ఉంటే మీకు దక్కేది ఏమీ లేదు. అయితే ఆ మాటలు విన్న వెంటనే మీరు రబ్బరు తీశారు. ఆమె మాట్లాడింది చెంబు గురించి. మీరు కాగితంతో కుస్తీ పట్టారు. ఆ మధ్యాహ్నం మీరు చెంబును మళ్లీ ఒక్కసారైనా చూశారా? ఉత్తరంలో చెరపడం గురించి ఉంది, గీయడం గురించి ఉంది, చూడటం గురించి ఎక్కడా లేదు.

రేపు పెన్సిల్ తీయకండి. స్టీలు గ్లాసులో సగం దాకా నీళ్లు పోసి, గ్లాసు మూతి సరిగ్గా మీ కంటికి ఎదురుగా వచ్చేలా పట్టుకోండి. ఒక కన్ను మూయండి. మూతి గుండ్రంగా కనిపించదు, అడ్డంగా ఒక గీతలా కనిపిస్తుంది. ఇప్పుడు గ్లాసును నెమ్మదిగా కిందికి దించండి. ఆ గీత కొద్దికొద్దిగా విచ్చుకుని సాగదీసిన సున్నాలా అవుతుంది. మీ మేనకోడలు ఎలిప్స్ అన్నది దీన్నే. ఇంకా దించితే ఇంకా విచ్చుకుంటుంది. గ్లాసును బల్ల మీద పెట్టి, కుర్చీలో కూర్చుని పైనుంచి చూడండి. మూతి దగ్గర సున్నా సన్నంగా ఉంటుంది. లోపల నీటి మట్టం మూతి కన్నా కిందుంది కాబట్టి అక్కడి సున్నా ఇంకాస్త విచ్చుకుని ఉంటుంది. అడుగు అంతకన్నా కిందుంది కాబట్టి దాని వంపు అన్నిటికన్నా ఎక్కువ. చెంబు అడుగు చిన్నది కనుక వెడల్పు తగ్గుతుంది, కానీ వంపు మాత్రం తగ్గదు.

అడుగు బల్ల మీద సమంగా ఆని ఉంటుందని మనకు తెలుసు. ఆ తెలిసినది కంటికి అడ్డుపడుతుంది. కన్ను వంపు చూస్తుంటే చెయ్యి తిన్నని గీత గీసేస్తుంది. చెంబు గాల్లో తేలుతున్నట్టు ఉండటానికి సగం కారణం ఇదే. మిగతా సగం నీడ. చెంబు బల్లకు ఆనే చోట నీడ అన్నిటికన్నా చిక్కగా ఉంటుంది. చెంబు నుంచి దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది, అంచులు మెత్తబడతాయి. ఆనే చోట ఆ చిక్కటి సన్నగీత పడిందంటే చెంబు బల్ల మీద కూర్చుంటుంది. అంటే మీ మేనకోడలు మూడు తప్పులు చెప్పలేదు. అడుగు మాట, తేలడం మాట ఒకదానికొకటి ముడిపడే ఉన్నాయి.

మూతి సంగతి ఇంకొక్క మాట. సున్నా రెండు చివర్లూ చేప నోరులా మొనదేలి ఉంటే అది తప్పు. ఎంత సన్నటి సున్నా అయినా చివర్లు గుండ్రంగానే తిరుగుతాయి. మీ బొమ్మ నేను చూడలేదు గానీ, మొదట్లో నూటికి తొంభై మంది చెంబులకు మొన చివర్లే ఉంటాయి. మా పిల్లలకు నేను ఒక పేజీ నిండా మూతులు మాత్రమే గీయించేదాన్ని. చెంబు వద్దు, నీడ వద్దు. ఇరవై సున్నాలు, సన్నటి వాటి నుంచి వెడల్పు వాటి దాకా. మణికట్టుతో కాకుండా మోచెయ్యి, భుజం కదిలేలా, పెన్సిల్ ఆనించకముందు గాల్లోనే రెండుసార్లు తిప్పి, మూడోసారి కాగితం మీదికి దించాలి.

నేను ఈ సంగతి నేర్చుకున్నది 1981లో, డ్రాయింగ్ హయ్యర్ గ్రేడ్ పరీక్షకు తయారవుతున్నప్పుడు. మా మాస్టారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. నా కూజా బొమ్మ చూసి, మెడ పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి వెళ్లిపోయారు. ఆ చుక్క దగ్గర ఏం తప్పుందో తెలియక పావుగంట సేపు అక్కడే రుద్దుతూ కూర్చున్నాను. తిరిగి వచ్చి "కాగితంలో ఏం వెతుకుతున్నావమ్మా, కూజా అక్కడుంది కదా" అన్నారు. లేచి కూజా దగ్గరికి వెళ్లాను. ఒక పక్క మెడ రెండో పక్క కన్నా కొంచెం కిందికి జారి ఉంది. కుమ్మరి చేతిలోనే అలా వచ్చింది. నేను రెండు వైపులా ఒకేలా గీశాను, కూజా అలాగే ఉంటుందని అనుకుని. ఆ చుక్క ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

ఇక చిరిగిన కాగితం. దాన్ని పారేయకండి. వెనక తేదీ వేసి, మేనకోడలు అన్న మూడు మాటలూ ఆమె అన్నట్టే రాసి పెట్టుకోండి. కొత్త పేజీలో అదే చెంబు, అదే చోట, అదే వెలుతురులో గీయండి. పాత బొమ్మను బాగుచేయాలని చూడటం కన్నా కొత్తది గీయడం తేలిక, నేర్చుకోవడమూ ఎక్కువ. మొదటి గీతలు చాలా పలచగా ఉండాలి. పెన్సిల్‌ను రాసేటప్పటిలా మొన దగ్గర కాకుండా వెనక్కి పట్టుకుంటే ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు గుడ్డ మీద ముందుగా చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీసుకుంటారు. దులిపితే రాలిపోయే గీత అది. కలం గీత పడేది ఆ తర్వాతే. అంత చెయ్యి తిరిగినవాళ్లు కూడా మార్చుకోవడానికి వీలున్న గీతతోనే మొదలుపెడతారు. మీ గీత గట్టిగా ఉంది కాబట్టే రబ్బరుకు లొంగలేదు, కాగితం చిరిగింది.

వయసు గురించి అడిగారు. ఎలిప్స్ తప్పు పట్టించుకునే మనిషి ఇంట్లో ఉండటం ఈ వయసులో అందరికీ దొరికేది కాదమ్మా. ఆ పిల్ల మళ్లీ వచ్చినప్పుడు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, "ఇప్పుడు అడుగు ఆనిందా?" అని ఆ ఒక్కటే అడగండి.

ప్రశ్న: మేడం, నాకు 19. బి.ఎఫ్.ఎ. ప్రవేశ పరీక్షకు తయారవుతున్నాను. రోజూ బస్టాండ్‌లో కూర్చుని మనుషుల్ని గీస్తాను. సలహా కోసం నలుగురికి చూపించాను. ఒకరు గీతలు పీచుపీచుగా ఉన్నాయన్నారు. ఒకరు షేడింగ్ మరీ మసిగా ఉందన్నారు. ఒకరు కాళ్లు పొట్టి అన్నారు. ఒక సీనియర్ అయితే "నీకంటూ ఒక స్టైల్ లేదు" అన్నాడు. నాలుగూ వినేసరికి చెయ్యి ఆడటం లేదు. ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?
(పాఠకుడు, హనుమకొండ)

జవాబు: బాబూ, ఎవరి మాట అని ఆలోచించకు, ఏ మాట ముందు అని ఆలోచించు. ఇల్లు కట్టేటప్పుడు గోడ వంకరగా ఉంది అని ఒకరు, రంగు బాలేదు అని ఒకరు అంటే ముందు ఏది చూస్తాం? కాళ్లు పొట్టి అన్నది గోడ మాట. ముందు అదే తీసుకో. మిగతా మూడూ ఒక నెల పాటు పక్కన పెట్టు.

నిలబడ్డ మనిషి బొమ్మలో కాళ్లు ఎందుకు పొట్టి అవుతాయో చెబుతాను. మనం ముఖంతో మొదలుపెడతాం, ముఖం మీద శ్రద్ధ ఎక్కువ, అందుకని తల ఉండాల్సిన దానికన్నా పెద్దదవుతుంది. ఆ తలకు తగ్గట్టు భుజాలు, చొక్కా, చేతిలో సంచీ. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోతుంది. మిగిలిన జాగాలో కాళ్లను ఇరికిస్తాం. దీనికి మందు ఒకటే. ముఖం గీయకముందే కాగితం మీద పైన తల ఎక్కడ, కింద పాదాలు ఎక్కడ అని రెండు చిన్న గీతలు పెట్టుకో. వాటి మధ్య సగం దగ్గర ఇంకో గీత పెట్టు. నిటారుగా నిలబడ్డ పెద్దమనిషికి కాళ్లు మొదలయ్యే చోటు దాదాపుగా ఆ సగం దగ్గరే వస్తుంది. మొత్తం ఎత్తు తలకు ఏడు, ఏడున్నర రెట్లు ఉంటుంది. బస్టాండ్‌లో ప్రతి మనిషీ ఈ లెక్కకు సరిపోడు. అందుకే లెక్కను గుర్తుపెట్టుకుని, మనిషిని కొలవాలి.

కొలవడం నీకు ఎవరైనా చూపించి ఉంటారు: చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ మొన మనిషి తల పైకి ఆనించి, గడ్డం దగ్గర బొటనవేలు పెట్టి, ఆ కొలత కిందికి ఎన్నిసార్లు వస్తుందో చూడటం. చూపించనిది ఏమిటంటే, మోచెయ్యి ఏమాత్రం వంగినా పెన్సిల్ కంటికి దగ్గరవుతుంది, కొలత మారిపోతుంది. మా స్కూల్లో పిల్లలు కొలిచినా తప్పే వస్తోందని వాపోయినప్పుడల్లా నేను చూసేది వాళ్ల మోచెయ్యే. చెయ్యి కర్రలా ఉండాలి. మనుషులు కదిలిపోతారు నిజమే. పల్లెవెలుగు బస్సు కోసం సామాన్లతో నిలబడ్డవాళ్లను ఎంచుకో, తొందరగా కదలరు.

నెల తర్వాత పీచు గీతల సంగతి. చిన్న చిన్న గీతలు అతికిస్తూ పోవడం అనుమానం వల్ల వస్తుంది. నిష్పత్తి ముందే కొలిచి పెట్టుకున్నవాడికి ఆ అనుమానం సగం తగ్గుతుంది. అందుకే ఆ మాటను రెండోది చేశాను. షేడింగ్ చివరిది. కాళ్లు పొట్టిగా ఉన్న మనిషికి నల్లగా పడే మెత్తటి 6బి పెన్సిల్‌తో ఎంత షేడింగ్ చేసినా కాళ్లు పొడవు కావు. షేడింగ్ దగ్గరికి వచ్చాక కళ్లు సగం మూసి చూడు, వెలుగు, నడిమి ఛాయ, నీడ అని మూడు ముద్దలుగా విడిపోతుంది. ముందు మూడే వెయ్యి.

ఇక నాలుగోది. నిలబడ్డ మనిషిని కొలవడం నేర్చుకుంటున్న 19 ఏళ్ల పిల్లాడితో "స్టైల్ లేదు" అనడం నాకు నచ్చలేదు. ఆ మాట మీద నువ్వు చేయగల పని ఏమీ లేదు. రేపు ఉదయం లేచి ఏ గీత మార్చాలో ఆ మాట చెప్పదు. మా రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఆయన 1897లో పుట్టి 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. ఆ తర్వాత బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి క్రమంగా, పద్ధతిగా డ్రాయింగ్ నేర్చుకున్నారు. ఈ రోజు ఎవరైనా చూడగానే ఇది రామారావు గీత అంటారంటే, ఆ చదువూ ఆ చూపూ అందులో ఉన్నాయి. మా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు నేను అడిగేది ఒకటే, ఈ మనిషి బరువు ఏ కాలి మీద ఉంది? వీలైతే ఒకసారి వచ్చి చూడు.

రెండు చిన్న సంగతులు. బొమ్మ చూపించి "ఎలా ఉంది?" అని అడిగితే ఎవరికి తోచింది వాళ్లు అంటారు, తప్పు వాళ్లది కాదు. "ఈ మనిషి కాళ్లు సరిపోయాయా?" అని అడుగు. అడిగిన దానికే జవాబు వస్తుంది. రెండోది, ఎవరైనా నీ బొమ్మ మీదే గీసి చూపిస్తానంటే ట్రేసింగ్ పేపర్ వేసి ఇవ్వు. దాన్ని ఎత్తితే నీ గీత, వేస్తే వాళ్ల గీత. తేడా ఎంతో అక్కడే తెలుస్తుంది, నీ పేజీ నీదిగానే ఉంటుంది.

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. మనిషి బొమ్మ వేస్తే చేతులు మెడలోంచి వస్తాయి, వేళ్లు ఒక చేతికి ఏడు, ఇంకో చేతికి నాలుగు. నేను సరిచేసి చూపిస్తే ఏడుస్తోంది. చెప్పాలా, వదిలేయాలా?
(ఒక తండ్రి, అనంతపురం)

జవాబు: వదిలేయండి. ఆ వయసు పిల్లలు కనిపించింది గీయరు, తెలిసింది గీస్తారు. చేతులున్నాయని పాపకు తెలుసు, పెట్టింది. వేళ్లు చాలా ఉంటాయని తెలుసు, చాలా పెట్టింది. "ఈ బొమ్మలో ఏం జరుగుతోందమ్మా?" అని అడిగి వినండి. ఆ ఏడు వేళ్ల చెయ్యి దేన్నో పట్టుకుని ఉండవచ్చు. కాగితాలు, రంగు పెన్సిళ్లు అందేచోట పెట్టడమే మీ పని. తొమ్మిదేళ్లో పదేళ్లో వచ్చాక "నాన్నా, చెయ్యి సరిగా రావడం లేదు" అని తనే అడుగుతుంది. అప్పుడు మీ చెయ్యి బల్ల మీద పెట్టి, చూసి గీయమనండి.

ప్రశ్న: అమ్మా, నాకు 68 ఏళ్లు. మా ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎప్పుడూ పెన్సిల్ పట్టలేదు. ఇప్పుడు ఆమె బొమ్మ వేయాలని కోరిక కలిగి, ఒక పుస్తకం కొనుక్కుని రోజూ గీస్తున్నాను. సెల్‌ఫోన్‌లో తీసిన ఫొటో ముందు పెట్టుకుని నెల రోజులు కష్టపడి ఒక బొమ్మ పూర్తి చేశాను. బొట్టు, ముక్కుపుడక, జడ అన్నీ వచ్చాయి. మా అమ్మాయి చూసి "అమ్మలా లేదు నాన్నా" అని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత దాని గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు.
(పాఠకుడు, నరసన్నపేట)

జవాబు: అన్నయ్య గారూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అమ్మాయి లోపలికి వెళ్లిపోయింది మీ బొమ్మ బాగాలేదని కాదేమో. ఆ బొమ్మలో వాళ్లమ్మ కనిపిస్తుందని ఒక్క క్షణం ఆశపడి ఉంటుంది. ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి, బొమ్మ సంగతి తర్వాత.

బొమ్మ దగ్గరికి వస్తే, "అమ్మలా లేదు" అన్నది నిజమే కావచ్చు. కానీ ఎక్కడ లేదో ఆ మాట చెప్పడం లేదు. ఆ చోటు పట్టుకోవాలి. అమ్మాయి ఒప్పుకుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. బొమ్మలో కళ్ల కింది నుంచి మొత్తం ఒక కాగితంతో మూసి, "ఇప్పుడు అమ్మేనా?" అని అడగండి. తర్వాత కళ్లు, నుదురు మూసి కింది భాగం చూపించండి. తర్వాత ఎడమ సగం, కుడి సగం. ఏదో ఒకచోట "ఇక్కడ అమ్మే" అంటుంది, ఏదో ఒకచోట తల అడ్డంగా ఊపుతుంది. తల అడ్డంగా ఊపిన చోటు తప్ప మిగతావి మీరు ముట్టుకోనక్కర్లేదు. ఆవిడ ముఖం మీ అమ్మాయికి తెలిసినంతగా నాకు తెలియదు, ఏ డ్రాయింగ్ టీచరుకూ తెలియదు.

నాకు తోచిన అనుమానాలు మూడు ఉన్నాయి. మొదటిది కళ్ల ఎత్తు. తల పైభాగం నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు దాదాపు సగం దగ్గర ఉంటాయి. నుదుట్లో, జుట్టులో చూడటానికి ఏమీ లేదనిపించి, కొత్తగా గీసేవాళ్లు కళ్లను పైకి జరిపేస్తారు. అప్పుడు నుదురు కుదించుకుపోయి మనిషి మారిపోతుంది. స్కేలు పెట్టి ఫొటోలో, బొమ్మలో రెండింటిలో కొలవండి.

రెండోది ఫొటో. సెల్‌ఫోన్ ముఖానికి బాగా దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తాయి. మీరు ఫొటోను ఉన్నది ఉన్నట్టే గీసి ఉండవచ్చు, ఫొటోనే ఆవిడలా లేకపోవచ్చు. నాలుగైదు అడుగుల దూరం నుంచి, కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసిన ఫొటో ఏదైనా ఉందేమో ఇంట్లో, చుట్టాల దగ్గర వెతకండి. పెళ్లిళ్లలో, నోముల్లో ఎవరో ఒకరు తీసే ఉంటారు.

మూడోది బొట్టు, ముక్కుపుడక. అవి ఆవిడ గుర్తులు, అందుకే మీ చెయ్యి ముందు వాటి దగ్గరికి వెళ్లి ఉంటుంది. కానీ అవి ముఖం మీద కూర్చునేవి, ముఖం వాటి మీద కూర్చోదు. ఈసారి వాటిని చిట్టచివరికి ఉంచండి. ముందు ముఖం వెడల్పెంత, పొడవెంత, దవడ ఎక్కడ తిరిగింది, రెండు కళ్ల మధ్య ఎడం ఎంత, పెదవుల మూలలు కళ్లలో ఏ భాగానికి తిన్నగా కిందికి వస్తాయి, ఇవి పలచటి గీతల్లో పెట్టుకోండి. ఆ దశలోనే ఫొటోనూ బొమ్మనూ రెండింటినీ తలకిందులు చేసి చూడండి. తలకిందులుగా ఉన్నప్పుడు అది ఆవిడ ముఖం అన్న భావన పక్కకు తప్పుకుంటుంది. ఆకారాలు మాత్రమే మిగులుతాయి. ఎక్కడ వంకర పోయిందో కన్ను ఇట్టే పట్టుకుంటుంది. చూడటం కష్టంగా అనిపించినా ఒకసారి చేయండి.

ఈ రెండో బొమ్మకు నెల రోజులు పెట్టొద్దు. గంటసేపు కూర్చుని ఆపేయండి. మర్నాడు ఇంకోటి. వారం తర్వాత అమ్మాయికి ఏడింటినీ చూపించి, ఏది దగ్గరగా ఉందో ఎంచమనండి. అందులో కన్ను ఒకదాంట్లో, పెదవి ఒకదాంట్లో వచ్చి ఉండవచ్చు. అలా ఎంచినవి చూసుకుంటూ ఎనిమిదోది గీయండి.

మొదటి బొమ్మను మాత్రం జాగ్రత్తగా ఉంచండి. అమ్మాయి "ఇక్కడ అమ్మే" అన్న చోట పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టి, ఎనిమిదోదానితో కలిపి పత్రిక చిరునామాకు జిరాక్స్ కాపీలు పంపండి. అసలువి ఇంట్లోనే ఉండాలి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, వచ్చే సంచికలో రాస్తాను.